రిపోర్టులన్నీ నార్మలే

డిప్రెషన్ అంటే ఏడుపు అనుకునేవాణ్ణి. గదిలో తలుపులేసుకుని, దిండు తడిసిపోయేలా ఏడ్చేవాళ్లకి వచ్చే జబ్బు అని నా లెక్క. నాకు ఆ ఏడాది ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు. అందుకే నాకు వచ్చింది ఏమిటో తేలడానికి నాలుగు నెలలు పట్టింది.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని నేను. ముప్పై ఏళ్లుగా ఇదే పని. రైతు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు ఎన్ని, కాటా ఎంత తూగింది, రేటు ఎంత పలికింది, హమాలీ ఎంత పోయింది, చేతికి ఎంత రావాలి, అవన్నీ చూసి పట్టీ రాసివ్వాలి. సాయంత్రానికి రోజువారీ చిట్టాలోంచి ఖాతాల పుస్తకం ఆవర్జాలోకి ఎక్కించాలి. కంప్యూటర్ వచ్చాక కూడా చేత్తో ఒక పుస్తకం రాసుకోందే నాకు తృప్తి ఉండదు. 2022 చివర్లో మా అమ్మాయి పెళ్లి చేశాం. అల్లుడు మంచివాడు, అప్పులేం మిగల్లేదు. 2023 సంక్రాంతి దాటి సీజను మొదలైంది. ధరలు బాగున్నాయి, యార్డంతా కళకళలాడుతోంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత అందరూ నన్ను అడిగింది, నన్ను నేను అడుక్కున్నది ఒకటే మాట. "నీకేం తక్కువైంది?"

మొదట పోయింది నిద్ర. పడుకోగానే పట్టేది. మూడింటికల్లా ఎవరో భుజం తట్టి లేపినట్టు మెలకువ వచ్చేది. ఇక కన్ను మూతపడేది కాదు. ఆ చీకట్లో గుండె మీద తడి గోతం పరిచినట్టు బరువు. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట ఒక పట్టీలో చేసిన తప్పు గుర్తొచ్చి, దాన్నే అటూ ఇటూ తిప్పుకుంటూ తెల్లారే దాకా కూర్చునేవాణ్ణి. పళ్లు తోముకోవడం కూడా పెద్ద పనిలా ఉండేది. సాయంత్రం ఆరు దాటేసరికి మాత్రం కాస్త తేలికయ్యేది. "హమ్మయ్య, తగ్గుతోంది, రేపటికి సర్దుకుంటుంది" అనుకుని పడుకునేవాణ్ణి. మళ్లీ మూడింటికి మొదలు.

తర్వాత తిండి. ఉప్పు ఉప్పగానే తెలుస్తోంది, కారం కారంగానే తెలుస్తోంది, తినాలన్న ఆశే లేదు. మా ఆవిడ గోంగూర చేసి వెన్న వేసి పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాను. ఆమె కంచం వైపు చూసింది గానీ ఏమీ అనలేదు. ఎన్టీఆర్ స్టేడియంలో రోజూ పొద్దున్నే నాతో నడిచే ముగ్గురు స్నేహితులుండేవారు. మోకాలి నొప్పి అని ఒకరోజు, చుట్టాలొచ్చారని ఒకరోజు చెప్పి మానేశాను. పేపర్లో ఒకే వాక్యం నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. బెల్టుకి కొత్త రంధ్రం వేయించుకోవాల్సి వచ్చింది. తూకం వేసి చూస్తే ఆరు కిలోలు తగ్గాను.

వీటన్నిటికీ మేం పెట్టుకున్న పేరు గ్యాస్. మా వీధి ఆర్ఎంపీ గారు పరగడుపున వేసుకోమని మాత్రలిచ్చారు. తగ్గలేదు. గుండె బరువుగా ఉంటోంది కదా అని కొత్తపేటలో ఒక ఆసుపత్రికి వెళ్తే ఈసీజీ, టూడీ ఎకో తీశారు. బాగానే ఉన్నాయి. ఇంకోచోట ఎండోస్కోపీ చేశారు. కొంచెం వాపు తప్ప ఏమీ లేదన్నారు. ఒకాయన బలానికి సెలైన్ ఎక్కించారు. మొత్తం మీద ఇరవై వేలు పైచిలుకు ఖర్చు. ప్రతి డాక్టరూ ఫైలు మూసి "రిపోర్టులన్నీ నార్మలే, ఏం టెన్షన్ పెట్టుకోకండి" అన్నారు. నార్మల్ అన్న మాట వింటే ఎవరికైనా ఊపిరి వస్తుంది. నాకు మాత్రం ఇంకో మెట్టు కిందికి దిగినట్టుండేది. జబ్బు లేదంటే తప్పు నాదే. ఒళ్లు బాగున్నా పనికి ఒంగని మనిషినన్నమాట. అలా అనిపించడమే జబ్బు లక్షణమని ఆనాడు నాకు చెప్పినవాళ్లు లేరు.

మా అత్తగారు ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేశారు. ఘాటు రాలేదు, గట్టి దిష్టే తగిలింది, పెళ్లిలో తగిలిందన్నారు. మా ఆవిడ మంగళగిరి పానకాల స్వామికి మొక్కుకుని నన్ను వెంటబెట్టుకుని మెట్లెక్కింది. సగం స్వామి స్వీకరించి సగం ప్రసాదంగా మిగిల్చే ఆ పానకం చేతిలో పోస్తే, చిన్నప్పటి నుంచీ నాకు ఒళ్లు పులకరించేది. ఆరోజు తీపి నీళ్లు తాగినట్టు తాగాను. దేవుడి దగ్గర కూడా ఏమీ అనిపించకపోవడం నన్ను భయపెట్టింది. కింద షాపుల దగ్గర కూర్చుని మా ఆవిడతో మొదటిసారి పైకి అన్నాను: "నాకు ఏదీ తాకట్లేదు. మీరంతా అద్దం అవతల ఉన్నట్టుంది." ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊరుకుంది. ఆ మొక్కు వృథా పోయిందని నేననుకోను. ఆ మెట్ల దగ్గరే నా నోటి నుంచి ఆ మాట వచ్చింది.

మార్చి నెలాఖర్లో కొట్లో తప్పు చేశాను. ఒక రైతు తేజ రకం మిరపకాయల తూకం ఇంకో రైతు పట్టీలోకి ఎక్కించాను. డబ్బు చేతులు మారకముందే షావుకారు గారు చూసి సరిచేశారు. "అలిసిపోయావు, రెండ్రోజులు ఇంటి దగ్గరుండు" అన్నారు, అంతే. తిట్టలేదు. కానీ ఆ రైతు పట్టీ పట్టుకుని నా ముందు నిలబడ్డ తీరు నా కళ్లలోంచి పోలేదు. ఆ ఒక్క తప్పుకి, ముప్పై ఏళ్లలో ఎన్ని కుటుంబాల కూడు చెడగొట్టి ఉంటానో అని రాత్రుళ్లు పాత పుస్తకాలు తీసి కూడికలు చూసుకునేవాణ్ణి. తప్పొకటి, నేను మోసిన బరువు వంద.

దారి చూపించింది ఒక పెద్ద వయసు జనరల్ ఫిజీషియన్. అప్పటికి నా ఫైలు అరచెయ్యి మందం అయింది. ఆయన దాన్ని తెరవకుండా పక్కన పెట్టి రెండు ప్రశ్నలు అడిగారు. "ఈ రెండు వారాల్లో మనసు దిగులుగా, ఏ ఆశా లేనట్టుగా ఎన్ని రోజులుంది? ఇదివరకు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయి ఎన్నాళ్లయింది?" మొదటిదానికి దిగులేం లేదండీ అన్నాను. రెండోదానికి నోరు పెగల్లేదు. పక్కనున్న మా ఆవిడ చెప్పింది: "సంక్రాంతి నుంచి డాక్టరు గారూ. మనవాళ్ల పెళ్లిళ్లకి కూడా రావట్లేదు." ఆయన ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లమని చీటీ రాశారు. "గుండెకి గుండె డాక్టరు, దీనికి వీళ్లు" అన్నారు.

ఆ చీటీ మూడు వారాలు చొక్కా జేబులోంచి బీరువాలోకి, బీరువాలోంచి జేబులోకి తిరిగింది. మా పక్క సైకియాట్రిస్టు అంటే ఎర్రగడ్డే గుర్తొస్తుంది. మా బావమరిది కొట్టు దగ్గరికొచ్చి "ఏంది బావా, నీకేమన్నా పిచ్చా? మనసు గట్టి చేసుకో, అంతా సర్దుకుంటది" అన్నాడు. వాడికి నామీద ప్రేమ ఉంది, అది నాకు తెలుసు. కానీ కాలు విరిగినవాణ్ణి లేచి నడువు అన్నట్టుంది ఆ మాట. గట్టి చేసుకోవాల్సిన మనసే జబ్బుపడితే దేంతో గట్టి చేసుకోను?

చివరికి గుంటూరులో ఎవరైనా చూస్తారని విజయవాడ వెళ్లాం. గంట బస్సు ప్రయాణం. వారధి మీద కృష్ణను చూస్తూ, నేను లేకపోయినా ఆవర్జా ఇంకొకరు రాస్తారు, ఇల్లు ఎలాగో నడుస్తుంది అన్న ఆలోచన వచ్చింది. చచ్చిపోవాలని కాదు. ఉండడంలో అర్థం కనపడలేదు. ఆ ఆలోచన వచ్చిన సంగతి పక్కనే కూర్చున్న మా ఆవిడకి కూడా చెప్పలేదు.

డాక్టరమ్మ నాతో నలభై నిమిషాలు మాట్లాడారు. నాలుగు నెలల్లో ఎవరూ అంతసేపు కూర్చోలేదు. ఒక కాగితం ఇచ్చి తొమ్మిది ప్రశ్నలు ఒక్కొక్కటిగా చదివించారు. గత రెండు వారాలకే జవాబు చెప్పాలి. అస్సలు లేకపోతే సున్నా, కొన్ని రోజులుంటే ఒకటి, సగానికి పైగా రోజులుంటే రెండు, దాదాపు రోజూ ఉంటే మూడు. ఆసక్తి పోవడం, దిగులు, నిద్ర తగ్గడమో మరీ ఎక్కువవడమో, నీరసం, ఆకలి తగ్గడమో పెరగడమో, పనికిరానివాణ్ణన్న భావన, మనసు నిలవకపోవడం, మాటా నడకా మందగించడం లేదా కుదురు లేకపోవడం, చివరగా చావు గురించిన ఆలోచనలు. చివరి ప్రశ్న దగ్గర నేను తల వంచుకున్నాను. ఆవిడ గొంతు మార్చకుండా, నిద్ర గురించి అడిగినట్టే అడిగారు: "ప్రాణం తీసుకోవాలని ఏమైనా అనిపించిందా? ఎలా అన్నది ఆలోచించారా?" ఎలా అన్నంతవరకూ వెళ్లలేదన్నాను. వారధి మీది సంగతి చెప్పాను. చెప్పాక నాకు ఊపిరి ఆడింది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అడగడం వల్ల ఆలోచన పుట్టదు, లోపల కుక్కుకున్నది బయటికి వస్తుంది, అన్నారు డాక్టరమ్మ. నా విషయంలో జరిగింది అచ్చంగా అదే.

27కి నాకు 17 వచ్చాయి. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి కాస్త తీవ్రం, 20 నుంచి బాగా తీవ్రం అని వివరించారు. అయితే ఆ అంకె ఒక్కటీ చూసి జబ్బు తేల్చరు. తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, కనీసం రెండు వారాలు, దాదాపు రోజూ ఉండాలి. ఆ ఐదింట్లో దిగులో, ఆసక్తి పోవడమో ఒకటి తప్పకుండా ఉండాలి. పని, సంసారం దెబ్బతింటూ ఉండాలి. "మీకు దిగులు తెలియలేదు, రెండోది వచ్చింది. మన దగ్గర చాలామందికి ముందు ఒంట్లోనే తెలుస్తుంది. నొప్పి, గ్యాస్, నీరసం, గుండె బరువు అంటూ వస్తారు" అన్నారు. మూడింటి మెలకువ, పొద్దున బరువు సాయంత్రం తేలిక అన్నది వినగానే ఆవిడ ఏదో రాసుకున్నారు. ఈ జబ్బు ఒక రకంలో అది బాగా ఎరిగిన గుర్తట. నాలుగు నెలలు నేను గ్యాస్ ఖాతాలో వేసిన పద్దు అది.

ఇంకా కొన్ని అడిగారు. ఎందుకు అడుగుతున్నారో అప్పుడు అర్థం కాలేదు. ఎప్పుడైనా నిద్ర లేకున్నా హుషారుగా, విపరీతంగా ఖర్చుపెడుతూ, మాటలు ఆపలేకుండా రోజుల తరబడి ఉన్నారా? లేదన్నాను. అలాంటిది ఉంటే జబ్బు వేరు, మందు వేరు, డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే చెడు చేయవచ్చు. మద్యం తాగుతారా? ఏయే మాత్రలు వాడుతున్నారు? దగ్గరివాళ్లెవరైనా ఈమధ్య పోయారా? అయినవాళ్లు పోయిన దుఃఖం అలలు అలలుగా వస్తుంది, మధ్యలో నవ్వు కూడా వస్తుంది, తన మీద తనకు అసహ్యం మామూలుగా పుట్టదు. దీంట్లో పుడుతుంది. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, షుగరు పరీక్షలు రాశారు, ఎందుకంటే అవి తేడాగా ఉన్నా ఇవే లక్షణాలు కనపడవచ్చు. నాకు బి12 కాస్త తక్కువ, మిగతావి బాగున్నాయి. డిప్రెషన్‌ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. అడగాలి, వినాలి. అందుకే నా లావుపాటి ఫైలులో అది ఎక్కడా దొరకలేదు.

"నాకేం తక్కువైందని వచ్చిందమ్మా?" అని అడిగాను. దానికి ఆవిడ చెప్పింది నేను పొలం భాషలోకి మార్చుకున్నాను. చేను ఎండితే విత్తనం ఒక్కటే అనలేం, నేల ఒక్కటే అనలేం, పురుగు ఒక్కటే అనలేం. ఒక ఏడు మూడూ కలుస్తాయి. దగ్గరి రక్తసంబంధంలో ఎవరికైనా ఉంటే వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. చిన్నతనపు దెబ్బలు, ఏళ్ల తరబడి ఒత్తిడి, షుగరు, గుండెజబ్బు, పక్షవాతం లాంటివి, తాగుడు, ఒంటరితనం, ఆడవాళ్లకి కాన్పు తర్వాత రోజులు, అన్నీ కారణాలే. శుభకార్యమైనా మార్పు మార్పే. ఇరవై నాలుగేళ్లు రోజూ సాయంత్రం "నాన్నా" అని పిలిచిన గొంతు ఇంట్లోంచి వెళ్లిపోయింది. ఆ సంగతి నేను పద్దుల్లో ఎక్కడా రాసుకోలేదు. మెదడులో రసాయనాల పాత్ర ఉంది గానీ, ఒకటి తగ్గింది, మాత్రతో నింపేస్తాం అన్నంత సులువు కాదని కూడా చెప్పారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అన్నారు. ఎవరికీ లేదన్నాను.

ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర మొదలుపెట్టారు. మొదటి వారం 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. వారం రోజులు కడుపులో తిప్పింది, ఆందోళన కాస్త పెరిగినట్టు కూడా అనిపించింది. ఇవి వస్తాయని, తగ్గిపోతాయని, గుణం కనపడ్డానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చని ముందే చెప్పబట్టి ఆగాను, లేకపోతే మూడో రోజే పారేసేవాణ్ణి. ఆ మాట రోగికి ముందే చెప్పడం మందుతో సమానం అని నా నమ్మకం.

కౌన్సెలింగ్‌లో ఇచ్చిన పని చిన్నది. ఇష్టం పుట్టాక చేద్దాం అని ఆగకుండా, రోజుకొక చిన్న పని టైము పెట్టుకుని చేసి రాయాలి. మే నెలలో యార్డుకి వేసవి సెలవులు వచ్చాయి. నేను ఒక చిట్టా తెరిచాను. తేదీ, చేసిన పని, పదికి ఎన్ని మార్కుల హాయి. మొదటి పేజీ ఇప్పటికీ ఉంది. "వీధి చివరి దాకా నడిచాను, 1." "గడ్డం గీసుకున్నాను, 1." "అమ్మాయితో ఫోన్లో మాట్లాడాను, 2." ఒకచోట వరసగా నాలుగు రోజులు ఖాళీ. మూడో వారం చివర్లో నిద్ర నాలుగున్నర దాకా సాగింది. నాకంటే ముందు కనిపెట్టింది మా ఆవిడ. ఒక మధ్యాహ్నం పప్పులోకి ఊరమిరపకాయలు వేయించవా అని అడిగానట. నాకు గుర్తే లేదు. ఆమె వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుందని తర్వాత అమ్మాయి చెప్పింది. నిద్ర, ఆకలి ముందొచ్చాయి, ఆసక్తి అన్నిటికంటే వెనక వచ్చింది. జూలైలో మళ్లీ స్టేడియానికి వెళ్లాను.

సెప్టెంబరులో ఒక పొరపాటు చేశాను. బాగయింది కదా అని డాక్టరమ్మకి చెప్పకుండా మాత్ర ఒక్కసారిగా ఆపేశాను. మూడో రోజుకి తల తిరుగుడు, కళ్లు తిప్పితే తలలో సన్నగా షాకు కొట్టినట్టు జిల్లుమనడం, పట్టరాని చిరాకు. ఇది అలవాటు పడిన మత్తు కాదని, మెదడు సర్దుకునేందుకు నెమ్మదిగా తగ్గించాలని, బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలని, తొందరపడితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని మళ్లీ వివరించారు. ఎవరికైనా నేను గట్టిగా చెప్పే మాట ఇదే. మొదలుపెట్టిన మందుని సొంతంగా ఆపకండి.

తర్వాత తెలుసుకున్నవి కొన్ని. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చింది. జబ్బున్నవాళ్లలో నూటికి 80 మందికి పైగా వైద్యం అందలేదు. యార్డులో నాకు తెలిసిన ముఖాలతో లెక్కేసుకుంటే గుండె చివుక్కుమంటుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, దాని ప్రకారం ఆరోగ్య బీమా కంపెనీలు మిగతా జబ్బులతో సమానంగా దీన్నీ చూడాలి. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఎవరికంటా పడకుండా మాట్లాడాలనుకుంటే 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అని 14416 నంబరు నడుస్తోంది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడొచ్చు. మూడింటి మెలకువతో ఉన్నవాళ్లకి ఆ "రాత్రీ" అన్న మాట ఎంత విలువైందో నాకు తెలుసు.

దసరాకి చిలకలూరిపేట దగ్గర మా ఊరెళ్లాను. అమ్మ ఒక్కతే ఉంటుంది. నా ఒళ్లు ఎందుకు తగ్గిందని అడిగితే, దాచకుండా అంతా చెప్పాను. మూడింటికి మెలకువ వచ్చేదన్న మాట దగ్గర బియ్యం ఏరుతున్న ఆమె చెయ్యి ఆగింది. "మీ నాయన కూడా ఆ టయానికే లేచి అరుగు మీద కూర్చునేవాడురా" అంది.

1987లో మా గుంటూరు జిల్లాలో, పక్కనున్న ప్రకాశం జిల్లాలో పత్తిని తెల్లదోమ తినేసింది. ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా నాన్న బతికాడు. రెండేళ్లు అరుగు మీద కూర్చున్నాడు. పిలిస్తే పలికేవాడు, అన్నం పెడితే రెండు ముద్దలు తినేవాడు. ఊళ్లో మనిషి మెత్తబడ్డాడన్నారు, గాలి సోకిందన్నారు, బద్ధకమని కూడా అన్నారు. నాకప్పుడు పదహారేళ్లు. ఇంటర్ ఆపేసి పనికి పోవాల్సి వచ్చినందుకు ఆయన మీద కోపం ఉండేది. 2009లో ఆయన పోయేదాకా ఆ కోపం పూర్తిగా పోలేదు. "డాక్టరుకి చూపించలేదా అమ్మా?" అన్నాను. "జొరం లేదు, దగ్గు లేదు. ఏమని చూపించేదిరా నాయనా?" అంది.

పండగ వెళ్లాక విజయవాడ వెళ్లి ఆ సంగతి చెప్పాను. డాక్టరమ్మ నా ఫైలు మొదటి పేజీ దాకా వెనక్కి తిప్పారు. కుటుంబంలో ఎవరికైనా అన్నచోట లేదు అని రాసి ఉంది. దాన్ని కొట్టేసి, పక్కన "తండ్రి, 1987" అని రాశారు.